సూది చిన్నది, సీసా కథ పెద్దది

చూపు నిలిపినవాళ్ళు: ధారావాహిక – 9

కిందటి భాగంలో శుక్లాల కథ ముగించాం. మసకబారిన కటకాన్ని తీసేసి దాని చోట ప్లాస్టిక్ కటకం పెట్టేదాకా వచ్చింది వైద్యం. ఆ కటకం వెనక ఇంకో అంగుళం కన్నా తక్కువ లోతే ఉంది. అంత కాస్త లోతుకి మందు చేరవెయ్యడానికి వైద్యులు వందేళ్ళ పైన తంటాలు పడ్డారు. ఈ భాగం ఆ తంటాల గురించి.

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కి వాయవ్యంగా పాతిక మైళ్ళ పైచిలుకు వెళ్తే నోవై వస్తుంది. కార్ల కంపెనీల్లో, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది. టాఫ్ట్ రోడ్డులో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. 2025 జులైలో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) 24వ మహాసభలు ఈ ఊళ్ళోనే జరిగాయి. మంచు కరిగి ఎండ ముఖం చూపించగానే, ఆర్నెల్ల కోసం వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రాలు కాలిబాటల మీద నడుస్తూ కనిపిస్తారు. వాళ్ళ సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు షుగరు మాత్రలూ, ఆసుపత్రి ఫైలూ వస్తాయి.

అలా వచ్చిన ఒక పెద్దావిడ, తెనాలి వైపు మనిషి, గుడి దగ్గర ప్రసాదం చేతిలో పెట్టుకుని నన్నడిగారు. "బాబూ, హైదరాబాదులో కంట్లో మూడు సూదులు పొడిపించుకుని వచ్చాను. నాలుగోది ఇక్కడ వేయించారు. మందు అదేనా అంటే మా కోడలు 'అలాంటిదే అత్తయ్యా' అంటుంది. అలాంటిదే అయితే రేటులో ఇంత తేడా ఏవిటి?"

ఆవిడ ప్రశ్నకి నిలబడి చెప్పేంత చిన్న జవాబు లేదు. కూర్చుని వినేవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముంజెలో దాక్కున్న తెర

కన్ను లోపల ఎలా ఉంటుందో ఊహించాలంటే లేత తాటిముంజెని తలుచుకోండి. పైన గట్టి తెల్లపొర, లోపల వణికే జెల్లీ. ఆ జెల్లీ పేరు విట్రియస్. అంతా కలిపితే సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాడు కూడా నిండదు. జెల్లీ వెనక గోడకి అంటుకుని ఉన్న పల్చటి తెర రెటీనా. మనవాళ్ళు మామూలుగా 'కంటి నరం' అనేది దీన్నే. దాని నడుమ మాక్యులా అనే చిన్న మచ్చ ఉంది. అక్షరం చదవాలన్నా, మనవడి ముఖం పోల్చుకోవాలన్నా ఆ మచ్చే ఆధారం.

చుక్కల మందు అక్కడికి చేరదు. కంట్లో వేసిన చుక్కలో చాలా భాగం కన్నీటితో కలిసి ముక్కులోకి జారిపోతుంది. కొంచెం లోపలికి ఇంకినా కంటి ముందు గదిలోనే కొట్టుకుపోతుంది. పోనీ మాత్ర మింగితే? మెదడుకి ఉన్నట్టే రెటీనాకీ రక్తం దగ్గర ఒక కాపలా ఉంది. అక్కడి రక్తనాళాల కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, రక్తంలో వచ్చిన ప్రతిదాన్నీ లోపలికి రానివ్వవు. ఆ కాపలా దాటాలని మోతాదు పెంచితే ఒళ్ళంతా మందు పాలవుతుంది.

మిగిలిన దారి సూది ఒక్కటే. ఈనాడు చేసే పద్ధతి ఇది. ముందు కన్ను మొద్దుబారే మందు వేస్తారు. తర్వాత 5 శాతం పోవిడోన్ అయోడిన్‌తో కడుగుతారు. రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి కొలకర్రతో 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు కొలిచి, అక్కడ 30 గేజి సన్నసూది దించుతారు. ముందున్న కటకానికీ వెనకున్న రెటీనాకీ తగలని సందు అది. ఎక్కించే మందు 0.05 మిల్లీలీటరు, దాదాపు ఒక్క చుక్క. కంటి మీద వేస్తే చెంపకి జారే చుక్క, లోపల పెట్టేసరికి చూపు నిలబెడుతుంది.

గాలి నుంచి మోతాదు దాకా

1911లో ఓమ్ అనే జర్మన్ వైద్యుడు ఊడిపోయిన రెటీనాను వెనక్కి నొక్కడానికి కంట్లోకి గాలి ఎక్కించాడు. అందులో మందేమీ లేదు. కానీ విట్రియస్‌లోకి సూది దించవచ్చన్న సంగతి పుస్తకాలకెక్కింది. 1940లలో పెన్సిలిన్ రాగానే న్యూయార్క్‌లో లుడ్విగ్ ఫాన్ సాల్‌మన్ వంటివాళ్ళు దాన్ని నేరుగా కంటి లోపలికి ఎక్కించి చూశారు. దెబ్బ తగిలి లోపల చీముపట్టిన కంటిని అంతవరకూ కాపాడే దారి దాదాపు లేదు.

గుచ్చే ధైర్యం వచ్చింది గానీ ఎంత గుచ్చాలో తెలియలేదు. సూక్ష్మక్రిమిని చంపే మందే పొరపాటున ఎక్కువైతే రెటీనానూ చంపుతుంది. ఈ లెక్క తేల్చడానికి 1970లలో షికాగోలో కూర్చున్నవాడు ఇరాన్‌లో పుట్టిన గులాం పేమన్. ఒక్కొక్క యాంటీబయాటిక్‌నీ జంతువుల కళ్ళలో రకరకాల మోతాదుల్లో పరీక్షించి, రెటీనా ఎంతవరకు ఓర్చుకుంటుందో పట్టికలు కట్టాడు. ఈరోజు చీముపట్టిన కంటికి వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడిమ్ 2.25 మిల్లీగ్రాములు అని డాక్టర్లు చూడకుండా చెప్పగలుగుతున్నారంటే, వెనక అలాంటి ఓపికైన లెక్కలున్నాయి. తర్వాతి రోజుల్లో లేజర్‌తో కళ్ళజోడు వదిలించే లాసిక్ పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నదీ ఈయనే.

ఆ తర్వాత మందుని లోపలే ఉంచే అవసరం వచ్చింది. 1980లలో ఎయిడ్స్ రోగులకి సైటోమెగాలో వైరస్ సోకి రెటీనా కుళ్ళిపోయేది. గాన్సిక్లోవిర్ మందుని వారం వారం కంట్లో గుచ్చాల్సివచ్చేది. 1996లో వైట్రాసర్ట్ అనే చిన్న బిళ్ళ వచ్చింది. దాన్ని ఒకసారి కంట్లో కుట్టేస్తే అయిదు నుంచి ఎనిమిది నెలలు మందు ఊరుతూ ఉండేది. 1998లో అదే జబ్బుకి వైట్రవీన్ అనుమతి పొందింది. జన్యు సందేశాన్ని మధ్యలోనే అడ్డుకునే 'యాంటీసెన్స్' జాతిలో మనుషులకి అనుమతి దొరికిన తొలి మందు అదే. ఆ కొత్త జాతి ప్రపంచంలోకి కంటి గుమ్మం నుంచి అడుగుపెట్టింది. ఇంతలో ఎయిడ్స్‌కే మంచి మాత్రలు వచ్చేసరికి ఆ రెండిటికీ పని తగ్గిపోయింది.

కలుపులా పెరిగే నాళాలు

పెద్దావిడ కంట్లో జరిగిన గొడవ వేరు. షుగరు వల్ల కొందరికి, వయసు మీద పడి కొందరికి, మాక్యులా దగ్గర రక్తనాళాలు కారతాయి. లేదా చేలో కలుపులా కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. గోడ బలం లేని నాళాలు కాబట్టి నీరు ఊరుతుంది, రక్తం చిమ్ముతుంది. గీతలు వంకర పోతాయి, చూపు నడుమ మసక కమ్ముతుంది.

రెటీనాకి ప్రాణవాయువు చాలనప్పుడు కొత్త నాళాలను పిలిచే పదార్థం ఏదో పుడుతూ ఉండాలని కంటి వైద్యుడు ఐజాక్ మైకేల్సన్ 1948లో ఊహించాడు. 1971లో బోస్టన్ పిల్లల ఆసుపత్రి సర్జన్ జూడా ఫోక్‌మన్ ఇలాంటి మాటే కాన్సర్ గురించి అన్నాడు. గడ్డ పెరగాలంటే నాళాలు కావాలి, నాళాలను ఆపితే గడ్డ ఆగుతుంది అని. చాలామంది పట్టించుకోలేదు. 1983లో హెరాల్డ్ డ్వోరాక్, డోనాల్డ్ సెంగర్ నాళాలను కారేలా చేసే పదార్థాన్ని పట్టుకున్నారు. 1989లో జెనెన్‌టెక్ కంపెనీలో నపోలియోన్ ఫెరారా దాన్ని విడదీసి వీఈజీఎఫ్ అని పేరు పెట్టాడు. మైకేల్సన్ ఊహించిన 'పిలిచే పదార్థం' అదే.

ఇక్కడ మనవాళ్ళ కోసం కాస్త పక్కదారి పట్టాలి. ఫోక్‌మన్ పనిచేసిన ఆసుపత్రిలోనే, ఆయన రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు, సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకాన్సర్ పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చి ఆ జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడం చూశాడు. ఆ ఫలితాలు వెలువడింది 1948లో. మందు వచ్చింది లెడర్లీ ప్రయోగశాలల్లో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం నుంచి. భీమవరంలో పుట్టిన ఆ మనిషి అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువు మెథోట్రెక్సేట్. కంటి లోపల పుట్టే లింఫోమా కాన్సర్‌కి 1990ల నుంచి దాన్ని నేరుగా విట్రియస్‌లోకి ఎక్కిస్తున్నారు. మోతాదు 400 మైక్రోగ్రాములు. కంటి వెనక్కి వెళ్ళే సూదిలో ఒక తెలుగువాడి చెయ్యి అలా కలిసింది.

ఒక సీసాలో 80 సూదులు

వీఈజీఎఫ్‌ని పట్టి బంధించే యాంటీబాడీని జెనెన్‌టెక్ రెండు రూపాల్లో తయారుచేసింది. పూర్తి యాంటీబాడీ పేరు అవాస్టిన్. పెద్దపేగు కాన్సర్‌కి 2004 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే పోలికలో ఉన్న చిన్న ముక్కని కంటి కోసం ప్రత్యేకంగా చెక్కారు. అది లూసెంటిస్. ఆ చిన్న ముక్క ఇంకా పరీక్షల్లో ఉండగా, 2005లో మయామిలోని బాస్కమ్ పామర్ కంటి ఆసుపత్రిలో ఫిలిప్ రోజన్‌ఫెల్డ్ ఒక పని చేశాడు. కాన్సర్ సీసాలోంచి ఒక చుక్క తీసి రోగి కంట్లో గుచ్చాడు. నీరు తగ్గింది, చూపు మెరుగైంది. ఆ వార్త ఆ వేసవిలోనే రెటీనా డాక్టర్ల సమావేశంలో చెప్పాడు. నెలల్లో దేశాలు దాటింది.

2006 జూన్ 30న లూసెంటిస్‌కి అనుమతి వచ్చింది. ఏడాదిపాటు నెలనెలా ఆ సూది వేయించుకున్న రోగుల్లో మూడోవంతు మంది కంటి పరీక్ష పట్టికలో 15 అక్షరాలు, ఆ పైన, ఎక్కువ చదవగలిగారు. లేజర్‌తో కాల్చే రోజుల్లో ఉన్న చూపు నిలిస్తే అదే పదివేలు. పోయిన చూపు తిరిగి రావడం కొత్త సంగతి.

ధర మాత్రం అప్పట్లో ఒక్కో సూదికి సుమారు 2,000 డాలర్లు. అవాస్టిన్ చుక్క 50 డాలర్లకే వచ్చేది. ఎలాగంటే, 4 మిల్లీలీటర్ల అవాస్టిన్ సీసాలో 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కంటికి కావలసింది 1.25 మిల్లీగ్రాములు. లెక్క ప్రకారం ఒక సీసాలో 80 సూదులు! రెండూ ఒకే కంపెనీ మందులు. కంపెనీ మాత్రం అవాస్టిన్‌కి కంటి అనుమతి అడగలేదు. చివరికి ప్రభుత్వ సొమ్ముతో నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ 1,200 మంది దాకా రోగులతో రెండిటినీ పక్కపక్కన పెట్టి పరీక్ష చేయించింది. 2011లో ఫలితం వచ్చింది. ఏడాది చివర, ఒకే తీరున వేస్తే, చూపు విషయంలో రెండూ సమానం.

అదే ఏడాది నవంబరులో ఐలియా వచ్చింది. సూదికీ సూదికీ మధ్య ఎడం పెంచుతామన్న హామీతో.

బ్రైటన్ వైపు ఇరవై మైళ్ళు

80 సూదుల లెక్కలో ఒక మెలిక ఉంది. ఎవరో ఒకరు ఆ సీసా తెరిచి, 80 సిరంజిల్లోకి పంచాలి. ఆ పంచే చెయ్యి శుభ్రంగా ఉండాలి. 2011 వేసవిలో మయామి ప్రాంతంలో అలా పంచిన అవాస్టిన్‌తో 12 మందికి కంట్లో బాక్టీరియా చేరింది. చూపు కోసం వెళ్ళినవాళ్ళలో కొందరు ఉన్న చూపూ పోగొట్టుకున్నారు.

మరుసటి ఏడాది పిడుగు నోవై పక్కనే పడింది. ఇక్కణ్ణుంచి ఐ-96 హైవే మీద పడమరగా ఇరవై మైళ్ళు వెళ్తే బ్రైటన్. 2012 శరదృతువులో అక్కడి నడుంనొప్పి క్లినిక్‌లో వెన్నుసూది వేయించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తీవ్రమైన తలనొప్పితో ఆసుపత్రులకి రావడం మొదలైంది. మసాచుసెట్స్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అనే మందుల దుకాణం కలిపి పంపిన స్టెరాయిడ్ సీసాల్లో బూజు ఉంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్కలో 20 రాష్ట్రాల్లో 753 మందికి జబ్బు చేసింది, 64 మంది చనిపోయారు. రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ కేసులు మిషిగన్‌లోనే. ఆ దుకాణం ముఖ్య ఫార్మసిస్టుకి ఫెడరల్ కోర్టు 2017లో జైలు శిక్ష వేసింది. మిషిగన్‌లో 11 మరణాల కేసులో 2024లో మళ్ళీ శిక్ష పడింది.

అవి వెన్నులో వేసిన సూదులు, కంట్లోవి కావు. కానీ పంచే పద్ధతి ఒకటే కాబట్టి కంటి డాక్టర్లందరికీ గుండె గుభేలుమంది. 2013 నవంబరులో కొత్త చట్టం వచ్చింది. ఇలా మందుల్ని పెద్దఎత్తున కలిపి, పంచి అమ్మే కేంద్రాలు ఫెడరల్ ప్రభుత్వం దగ్గర నమోదై, తనిఖీకి తలుపు తెరిచే ఏర్పాటు అందులో ఉంది. నోవైలో ఈరోజు చవక సూది వేయించుకునే రోగి ఎరుగకపోవచ్చు గానీ, ఆ సిరంజి మీది చీటీ వెనక బ్రైటన్ వాళ్ళ కష్టం ఉంది.

చీటీ అంటే గుర్తొచ్చింది. నోవై అనే పేరు 'నంబరు ఆరు' నుంచి వచ్చిందని ఇక్కడ ఒక కథ చెబుతారు. పాత బాట మీద ఆరో టోల్‌గేటు ఇక్కడ ఉండేదట. ఇంగ్లిషులో నంబరుకి పొట్టిరాత 'నో', దాని పక్కన రోమన్ అంకెల్లో ఆరు, రెండూ కలిపి చదివితే నోవై. కథ ముచ్చటగా ఉంది. కానీ టౌన్‌షిప్‌కి ఈ పేరు 1832లోనే ఉంది, టోల్ వసూలు చేసిన పలకల బాట వచ్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి. పైన రాసినదాన్ని నమ్మేముందు లోపల ఏముందో చూడాలని ఊరి పేరే చెబుతోంది.

మన దేశమూ ఈ పాఠం చదివింది. 2016 జనవరిలో గుజరాత్‌లో కొందరు రోగులకి కళ్ళలో ఇబ్బంది రాగానే, అవాస్టిన్‌ని కంట్లో వాడొద్దని దేశ ఔషధ నియంత్రణాధికారి హెచ్చరిక పంపారు. ఖరీదు మందు కొనలేని రోగుల గతేమిటని కంటి డాక్టర్ల సంఘాలు మొత్తుకున్నాయి. మార్చికల్లా ఆ హెచ్చరిక వెనక్కి వెళ్ళింది. అంతకు ముందు ఏడాది, 2015లో, అహ్మదాబాద్ కంపెనీ ఇంటాస్ లూసెంటిస్‌కి దీటైన రజుమాబ్‌ని తెచ్చింది. ఈ రకం మందుకి వచ్చిన తొలి బయోసిమిలర్, అంటే అసలు మందుని పోలేలా వేరే కంపెనీ చేసిన మందు, అది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో డాక్టరు ముందు కూర్చున్న రోగికి అప్పట్నుంచీ మూడు నాలుగు ధరలు వినిపిస్తున్నాయి.

ఆగ్నేయాన ఒక చైనా శాస్త్రవేత్త

సూదిలో వెళ్ళేది మందే కానక్కర్లేదు, జన్యువూ కావచ్చు. నోవై నుంచి ఆగ్నేయంగా వెళ్తే డెట్రాయిట్, వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం. చైనాలో పుట్టిన జువో-హువా పాన్ 2004లో అక్కడ ఒక వింత ప్రయోగం చేశాడు. వెలుతురు తగిలితే స్పందించే ప్రొటీన్ ఒకటి పచ్చటి పాచిలో ఉంది. దాని జన్యువుని నిరపాయమైన వైరస్‌లో పెట్టి ఎలుక కంట్లోకి ఎక్కించాడు. వెలుతురు పట్టే కణాలు చచ్చిపోయిన రెటీనాలో, మిగిలిన కణాలకే వెలుతురు పట్టడం నేర్పాలని ఆయన ఆశ. గుడ్డి ఎలుకల రెటీనా వెలుతురుకి బదులు పలికింది. వ్యాసాన్ని పెద్ద పత్రికలు తిప్పి పంపాయి. చివరికి 2006 ఏప్రిల్‌లో 'న్యూరాన్'లో అచ్చయ్యేసరికి, అదే ప్రొటీన్‌తో స్టాన్‌ఫర్డ్ బృందం చేసిన పని అంతకు ముందు ఏడాదే వెలువడి పేరంతా అటు వెళ్ళిపోయింది.

పాన్ పని వృథా పోలేదు. నోవైకి నైరుతిలో ఉన్న ఆన్ ఆర్బర్‌లో రెట్రోసెన్స్ అనే చిన్న కంపెనీ దాన్ని అందుకుంది. వెలుతురు పట్టే కణాలు చచ్చిపోయే జబ్బు, రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు పోయిన ఒక రోగికి 2016లో టెక్సాస్‌లో ఆ జన్యువుని కంట్లోకి ఎక్కించారు. ఆ ఏడాదే అలర్గన్ 6 కోట్ల డాలర్లు ముందుగా ఇచ్చి కంపెనీని కొనేసింది. 2021లో ఐరోపా బృందం ఒకటి, ఈ జాతి ప్రొటీన్‌తో, ప్రత్యేకమైన కళ్ళజోడు సాయంతో, చూపు పోయిన మనిషి బల్ల మీది వస్తువుల్ని గుర్తుపట్టగలిగాడని ప్రకటించింది. ఆన్ ఆర్బర్‌లోనే డేవిడ్ జాక్స్ మొదలుపెట్టిన ఓఎన్ఎల్ కంపెనీ, ఊడిన రెటీనాలో కణాలు చావకుండా ఆపే మందుని కంట్లో సూదిగా పరీక్షిస్తోంది.

నెలకోసారి ఎందుకు?

విట్రియస్‌లో పెట్టిన అవాస్టిన్ లాంటి మందు వారం పది రోజుల్లో సగానికి వస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ సూది. ప్రతి సూదితోనూ లోపల చీముపట్టే ప్రమాదం ఉంది. రెండు మూడు వేల సూదుల్లో ఒకటి. విడిగా చూస్తే చిన్న సంఖ్య. నెలనెలా ఏళ్ళ తరబడి పొడిపించుకునేవాళ్ళకి అంత చిన్నది కాదు. పైగా కొడుకు సెలవు పెట్టాలి, కారు కావాలి, ఆ రోజంతా కన్ను మంట.

ఈ ఎడం పెంచడం మీద కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కొంపెల్ల ఉదయ్ ఏళ్ళుగా పనిచేస్తున్నారు. కంటి వెనక భాగానికి మందులు తయారుచేసే తీరు మీద హెన్రీ ఎడల్‌హౌజర్‌తో కలిసి 2011లో ఆయన సంపాదకత్వం వహించిన పుస్తకం ఈ రంగానికి పనికొచ్చే చేతిపుస్తకం. జెల్లీ జోలికి పోకుండా, తెల్లపొరకీ దాని కింది కొరాయిడ్ పొరకీ మధ్య సందులోకి మందు జార్చే దారి కూడా తెరుచుకుంది. మిల్లీమీటరు పొడవుండే సూది దానికి చాలు. ఆ దారిన వెళ్ళే స్టెరాయిడ్ జైపియర్‌కి 2021 అక్టోబరులో అనుమతి వచ్చింది. అదే నెలలో సస్విమో అనే బుల్లి తొట్టి వచ్చింది. కంటి గోడలో అమర్చి ఆరు నెలలకోసారి నింపుతారు. ఏడాది తిరక్కుండానే దాని మూత ఊడుతోందని కంపెనీయే వెనక్కి పిలిచి, బాగుచేసి 2024లో మళ్ళీ విడుదల చేసింది.

పెద్దావిడ మరోసారి గుడి దగ్గర కనిపించినప్పుడు ఫైలు తెమ్మన్నాను. అక్కడ మూడుసార్లు వేసింది అవాస్టిన్. ఇక్కడ నాలుగోసారి వేసింది ఐలియా. రెండూ పట్టుకునే శత్రువు ఒకటే, మందులు మాత్రం వేరు. ఇక్కడ చవక మందు లేకపోలేదు. ఏది వెయ్యమంటారని అడిగితే కోడలు మంచిదే వెయ్యమంది. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బుకి పైసా ఇవ్వవు కాబట్టి, బిల్లు కొడుకు కట్టాడు.

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయిదోది ఊరెళ్ళాక వేయించుకుంటాను. సీసా పేరు మాత్రం ఆ కాగితం మీద తెలుగులో పెద్దగా రాసిపెట్టు బాబూ, డాక్టరు గారికి చూపిస్తాను" అన్నారు. రాసిచ్చాను. కళ్ళజోడు లేకుండానే, చేయి చాపి దూరంగా పట్టుకుని, కూడబలుక్కుని చదివారు.

(వచ్చే భాగంలో: సూది రెటీనా కిందికే వెళ్ళిన రోజు. 2017లో అనుమతి పొందిన లక్స్‌టర్నా, ఒక జన్యువుని బాగుచేసిన కథ.)